కరెంటు పోయొస్తే మళ్ళీ మూడు ఛాన్సులు: బాబాయ్ బీరువా తాళం, ప్రాజెక్టు డైరీ

జూన్ 6, రాత్రి

పొద్దున బాబాయ్ ఫోన్ చేశాడు. తెనాల్లో ఎరువుల కొట్టు ఆయనది. రెండేళ్ళ కింద ఆ కొట్లో ఉన్న పాత ఇనప బీరువాకి నేనే ఒక పిన్ను తాళం చేసిచ్చా, ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలరు బోర్డు ఒకటి, కీప్యాడ్, చిన్న ఎల్‌సీడీ, బజర్, రిలే, లోపల కరెంటు ఇస్తే కదిలే 12 వోల్టుల సోలనాయిడ్ గడియ, అంతే. నాలుగంకెల పిన్ను, మూడుసార్లు తప్పు కొడితే పది నిమిషాలు మూసుకుపోతుంది. ఖరీఫ్ మొదలైంది కదా, కొట్లో రష్షు, వానలు ఎప్పుడు పడతాయి, ఆ కబుర్లన్నీ అయ్యాక పెట్టేసే ముందు అన్నాడు, "ఒరే చిన్నా, నీ తాళం మంచిదేరా, నిన్న పిన్ను మార్చి నేనే మర్చిపోయా, మూడుసార్లు తప్పు కొట్టా, ఈలోపు కరెంటు పోయింది, వచ్చాక చూస్తే మళ్ళా మూడు ఛాన్సులిచ్చింది, పది నిమిషాలు ఆగే పని తప్పింది."

ఆయన సంతోషంగానే చెప్పాడు, నాకు మాత్రం గుండె గుభేలుమంది. ఎందుకంటే తప్పుల లెక్క నేను ర్యామ్‌లో పెట్టా, కరెంటు పోతే ర్యామ్ ఖాళీ. అడాప్టరేమో బీరువా పక్కనే గోడ ప్లగ్గులో ఉంది. అంటే ఎవడైనా రాత్రి వచ్చి మూడుసార్లు కొట్టి, స్విచ్చి ఆపి, వేసి, మళ్ళీ మూడుసార్లు కొట్టుకుంటూ కూర్చోవచ్చు. సీజన్లో ఆ బీరువాలో ఎంత డబ్బుంటుందో నాకు తెలుసు, రైతులు ఆయన దగ్గర దాచుకోమని ఇచ్చిన కాగితాలు కూడా అందులోనే ఉంటాయి. "ఇది గట్టి తాళం బాబాయ్" అని చెప్పి ఇచ్చింది నేను.

ఈ నెలంతా ఇదే పని. ఒక్క లెక్క సరిచేసి వదిలెయ్యను, తలుపు తియ్యకుండానే ఈ తాళం బయటికి ఏమేం చెప్పేస్తోందో మొత్తం చూస్తా.

జూన్ 7

ఇంట్లో బల్ల మీద అచ్చం అలాంటిదే ఇంకోటి కట్టా. ఏటీమెగా328పీ చిప్పు, 16 మెగాహెర్ట్జ్, పాత కోడు అలాగే ఎక్కించా. పరీక్ష పిన్ను 5283. మాటిమాటికీ కీప్యాడ్ నొక్కలేక తాత్కాలికంగా ఇంకో ఊనో నుంచి సీరియల్ లైన్లో అంకెలు పంపేట్టు పెట్టుకున్నా, దీన్ని ఇక దొంగ ఊనో అంటా.

ముందు లెక్క సంగతి. "మిగిలిన ఛాన్సులు" అనే వేరియబుల్‌ని ర్యామ్ నుంచి ఈఈప్రామ్‌లోకి మార్చా, కరెంటు పోయినా ఉంటుంది కాబట్టి. అరగంట పని. మూడు తప్పులు కొట్టా, వైరు పీకి పెట్టా, మూసుకునే ఉంది. హమ్మయ్య అనుకున్నా.

ఆ తర్వాత భోజనం చేసొచ్చి ఇంకోసారి ఆడించా, ఈసారి ఎర్ర లైటు వెలిగీ వెలగగానే, బజరు ఇంకా మోగుతుండగానే వైరు పీకా. మళ్ళీ పెడితే మిగిలిన ఛాన్సులు మూడు. తగ్గలేదు. ఇంకోసారి చేశా, మూడే. కోడు తెరిచి చూస్తే విషయం కళ్ళ ముందే ఉంది: పిన్ను తప్పు అని తేలగానే ఎర్ర లైటు, తర్వాత ఎల్‌సీడీ మీద మెసేజి, తర్వాత 200 మిల్లీసెకన్లు బజరు, ఇవన్నీ అయ్యాక లెక్క తగ్గించడం. రాసినప్పుడు అదే సహజమైన వరస అనిపించింది, ముందు మనిషికి చెప్పాలి తర్వాత పుస్తకంలో రాసుకోవాలి అన్నట్టు. కానీ చెప్పడానికీ రాసుకోవడానికీ మధ్య ఉన్న ఆ 200 మిల్లీసెకన్లలో చేత్తోనే ప్లగ్గు పీకెయ్యొచ్చు, పెద్ద పరికరాలేం అక్కర్లేదు.

ఇది కొత్త తప్పు కూడా కాదు. పాతకాలం స్మార్ట్‌కార్డుల్లో కొన్నిట్లో అచ్చం ఇదే ఉండేది. పిన్ను తప్పయితే కార్డు తన ఈఈప్రామ్‌లో తప్పుల లెక్క రాసుకుంటుంది, ఆ రాతకి కరెంటు కొంచెం ఎక్కువ లాగుతుంది, బయటినుంచి ఆ కరెంటు కనిపెడుతూ కూర్చున్నవాడు అది పెరగడం మొదలవ్వగానే సరఫరా కోసేస్తాడు, లెక్క రాయబడదు, మళ్ళీ ప్రయత్నించుకోవచ్చు. కార్డువాళ్ళు దాన్ని తిరగేశారు, ముందే ఒక ఛాన్సు తగ్గించి ఆ తర్వాత పిన్ను పోల్చడం, సరైనదైతే మళ్ళీ పెంచడం. నేనూ వరస మార్చేశా. రేపు ఆఫీసు, ఇక పడుకోవాలి.

జూన్ 10

ఆఫీసు నుంచి వచ్చాక రోజూ గంట దీని మీదే. ఇవాళ పోలిక సంగతి పట్టుకున్నా.

నా పాత కోడులో పిన్ను పోల్చేది నాలుగు లైన్ల లూపు: మొదటి అంకె చూడు, తేడా ఉంటే అక్కడే వెనక్కి తిరుగు, లేకపోతే రెండోది చూడు. ఎవరైనా ఇలాగే రాస్తారు. కానీ దానర్థం ఏంటంటే ఎన్ని అంకెలు వరసగా సరిపోతే తాళం అంత ఎక్కువసేపు ఆలోచిస్తుంది. ఆ ఎక్కువసేపు ఎంత అనేది ప్రశ్న. ఈ చిప్పులో ఒక క్లాకు టిక్కు 62.5 నానోసెకన్లు, లూపు ఒక చుట్టు తిరగడానికి పదకొండు టిక్కులు పట్టింది అనుకున్నా 0.7 మైక్రోసెకను లోపే. సెకనులో పది లక్షో వంతు కన్నా తక్కువ, దీన్నెవడు పట్టుకుంటాడు అనిపిస్తుంది కదా.

కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న ఎనిమిది ఛానళ్ళ లాజిక్ అనలైజరు ఉంది నా దగ్గర, సెకనుకి రెండు కోట్ల నలభై లక్షల సార్లు లైను చూస్తుంది, అంటే 42 నానోసెకన్లకి ఒకసారి. ఒక ఛానలు సీరియల్ లైనుకి, ఇంకోటి ఎర్ర లైటు కాలికి. చివరి అక్షరం అందిన క్షణం నుంచి ఎర్ర లైటు వెలిగే క్షణం వరకు ఎంత అని కొలిచా. పరీక్ష అవ్వాలని లెక్క తాత్కాలికంగా ఆపేశా.

మొదట అంతా చిందరవందరగా వచ్చింది, ఒక్కోసారి ఐదారు మైక్రోసెకన్లు ఎక్కువ. అది మిల్లీసెకన్లు లెక్కపెట్టే టైమరు ఇంటరప్టు, 1024 మైక్రోసెకన్లకి ఒకసారి వచ్చి మధ్యలో దూరుతుంది. కాబట్టి ప్రతి అంకెకీ ఇరవైసార్లు కొట్టించి అందులో అతి తక్కువ వచ్చినదే తీసుకున్నా, ఇంటరప్టు తగిలినవన్నీ ఎటూ ఎక్కువ చూపిస్తాయి కాబట్టి వాటంతట అవే పక్కకి పోతాయి.

0 నుంచి 4 వరకు 41.2 మైక్రోసెకన్లు. ఐదుకి 41.9. ఆరు నుంచి తొమ్మిది వరకు మళ్ళీ 41.2.

స్క్రీను వంక చూస్తూ అలా ఉండిపోయా కాసేపు. పది వరసల్లో ఒక్క వరస ఎత్తుగా. రెండో అంకెకి అదే పని, 52 దగ్గర ఎత్తు. అలా నాలుగు అంకెలు, ఒక్కో అంకెకి పది చొప్పున మహా అయితే నలభై రకాల పిన్నులు కొట్టాలి. పది వేల పిన్నుల తాళం నలభై పిన్నుల తాళం అయిపోయింది, నేను రాసిన నాలుగు లైన్ల వల్ల.

1970ల్లో పీడీపీ-10 కంప్యూటర్ల మీద నడిచే టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పాస్‌వర్డుకి ఇదే జరిగింది, కాకపోతే అక్కడ గడియారం కూడా అక్కర్లేకపోయింది. అది పాస్‌వర్డుని అక్షరం అక్షరం పోల్చి తేడా రాగానే ఆగిపోయేది, దొంగ తన ఊహని మెమరీలో పేజీ అంచు మీద పెట్టేవాడు, మొదటి అక్షరం ఇటు పేజీలో, రెండోది అటు పేజీలో. మొదటిది తప్పయితే అటు పేజీ జోలికే పోదు, సరైనదైతే రెండోది చూడ్డానికి అటు పేజీ కావాలని అడుగుతుంది, ఆ అడగడం బయటికి కనిపిస్తుంది. ఒక్కో అక్షరానికి 128 ఊహలు చాలు. తర్వాత 1996లో పాల్ కోచర్ ఆర్‌ఎస్‌ఏ లాంటి రహస్యలిపి పద్ధతుల్లో లెక్క చెయ్యడానికి పట్టే టైము కొలిచే రహస్య తాళంచెవి రాబట్టొచ్చని పేపరు రాశాడు, 2003లో బ్రమ్లీ, బోనే ఇద్దరూ నెట్‌వర్కు అవతల ఉన్న ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ అనే వెబ్ భద్రత సాఫ్ట్‌వేరు వాడే సర్వరు మీద అది చేసి చూపించారు. ఇన్నేళ్ళ కిందటి సంగతి, నేను చదివిన సంగతి కూడా, అయినా బాబాయ్ తాళంలో అదే రాశా. చదవడం వేరు, నీ కోడులో 41.9 కనపడటం వేరు.

జూన్ 11

పోలిక మార్చా. ఇప్పుడు తేడా వచ్చినా ఆగదు, నాలుగు అంకెల్నీ ఎక్సార్ చేసి (రెండూ ఒకటైతే సున్నా వచ్చే లెక్క), వచ్చిన తేడాల్ని ఒకే బుట్టలో ఆర్ చేసుకుంటూ, అంటే పోగేసుకుంటూ పోతుంది, చివర్లో బుట్ట సున్నా అయితేనే సరైన పిన్ను. దానికి తోడు చివరి మీట నొక్కిన దగ్గర్నుంచి సరిగ్గా 500 మిల్లీసెకన్లు అయ్యేదాకా లైటూ వెలగదు, గడియా కదలదు. కొలిచా, పది అంకెలూ ఒకటే ఎత్తు.

కీప్యాడ్‌తో కూడా చూశా, ఎందుకంటే బీరువా బయట దొంగకి సీరియల్ లైను ఉండదు కదా. పాత కోడు ఎక్కించి చేత్తోనే మొదటి అంకెకి ఒక్కోదానికి ఐదుసార్లు నొక్కా. మనిషి వేలికి మైక్రోసెకన్లు ఏం తెలుస్తాయి, అసలు ఎప్పుడు మొదలైందని కొలవాలి అని చాలాసేపు తికమకపడ్డా, తర్వాత తట్టింది: చిప్పు కీప్యాడ్ నిలువు వైర్ల మీద ఆగకుండా పల్సులు పంపుతూ ఏ మీట నొక్కారో వెతుకుతుంటుంది, చివరి మీట దొరికి పోలికలోకి వెళ్ళగానే ఆ పల్సులు ఆగిపోతాయి. చివరి పల్సే మొదలు. ఆ వైర్లు బీరువా బయటే ఉన్నాయి. ఐదు అంకె మళ్ళీ ఎత్తుగా వచ్చింది. కొత్త కోడుతో ఏమీ లేదు.

జూన్ 14, తెనాలి

నిన్న రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగా. బాబాయ్‌కి విషయం చెప్పా, మొత్తం. "మరి రెండేళ్ళు ఏమవలేదుగదరా" అన్నాడు. అవలేదు బాబాయ్, కానీ అవ్వకపోవడం నా గొప్ప కాదు అన్నా. పిన్ని టీ ఇచ్చి, "అసలు తాళంచెవి ఉందిగా, అది వాడుకోక ఎందుకొచ్చిన గోల" అంది. బీరువా అసలు తాళంచెవి ఇంట్లో పిన్ని దగ్గరే ఉంటుంది, అది ఎంత పనికొస్తుందో తర్వాత రాస్తా.

కొట్లోకి వెళ్ళి బీరువా ముందు నిలబడగానే నా వారం రోజుల పని అంతా ఒక్కసారి పక్కకి పోయింది. కీప్యాడ్ మీద తెల్లటి ధూళి, కొట్లో యూరియా బస్తాలు దించినప్పుడల్లా లేచే ధూళి, సన్నగా ఉప్పులా అన్ని మీటల మీదా పేరుకుని ఉంది. నాలుగు మీటల మీద మాత్రం లేదు. నల్లగా, శుభ్రంగా, కొంచెం జిడ్డుగా మెరుస్తున్నాయి, వాటితో పాటు ఎంటర్ కోసం పెట్టిన చివరి మీట. ఏ అనలైజరూ లేకుండా, పెట్టె విప్పకుండా, పట్టపగలు యూరియా కొనడానికి వచ్చిన ఎవరికైనా కనిపిస్తుంది. నాలుగు వేర్వేరు అంకెలు తెలిస్తే వరసలు 24. మూడేసి కొట్టి పదేసి నిమిషాలు ఆగినా గంటంబావులో అయిపోతుంది, స్విచ్చి ఆపి వేసే దారిలో అయితే కొద్ది నిమిషాలు చాలు.

బాబాయ్‌ని పిలిచి చూపించా. మీటల వంక చూశాడు, తర్వాత వీధి వైపు చూశాడు, పైన కండువా తీసి కీప్యాడ్ మొత్తం ఒకసారి గట్టిగా తుడిచాడు. ఏం మాట్లాడలేదు.

అక్కడే కూర్చుని అనుకున్నాం. పిన్ను ఆరు అంకెలు, ఆరూ వేర్వేరుగా, అప్పుడు మీటలు కనిపెట్టినా వరసలు 720. మూడంకెలే వాడి ఒకటి రెండుసార్లు కొడితే నయం కాదా అని అడిగాడు, మంచి ప్రశ్న, లెక్కేశా, అలాగైతే నాలుగంకెల్లో 36 వరసలు, 24 కన్నా కొంచెం నయమే గానీ సరిపోదు. రోజూ కొట్టు కట్టేసేటప్పుడు తడిగుడ్డతో మొత్తం తుడవడం, నెలకోసారి పిన్ను మార్చడం. ఊనో బోర్డు నేను తలుపు బయట ప్లాస్టిక్ పెట్టెలో బిగించా, దాన్ని లోపలికి మార్చాలి, కీప్యాడ్, ఎల్‌సీడీ, లైట్ల వైర్లు మాత్రమే బయటికి రావాలి. కొలతలు రాసుకున్నా. పాత తాళం విప్పేసి, నేను కొత్తది తెచ్చేదాకా అసలు తాళంచెవే వాడమన్నా.

జూన్ 17

లెక్క వరస తిప్పి రాసింది నిజంగా పనిచేస్తుందా అని యంత్రంతో చూడాలి, చేత్తో వైరు పీకితే మిల్లీసెకన్లు కుదరవు. దొంగ ఊనోకి ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్చి) తగిలించా, చివరి అక్షరం పంపిన ఇన్ని మైక్రోసెకన్లకి కరెంటు కొయ్యి అని చెబితే కోస్తుంది.

మొదటిరోజు మొత్తం పోయింది. ముందు పూర్తి ఊనో బోర్డు మీద చేశా, కోసినా బోర్డు మీద పెద్ద కెపాసిటర్లు చిప్పుని ఇంకొంచెం సేపు మోస్తున్నాయి, ఆ కొంచెం సేపే నాకు ముఖ్యం. సరే అని చిప్పుని విడిగా బ్రెడ్‌బోర్డు మీద పెట్టా, క్రిస్టల్, దాని రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు, సరఫరా దగ్గర 100 నానోఫారడ్ ఒక్కటే. చిప్పు పది మిల్లీయాంపులు లాగుతుందనుకుంటే పాతిక మైక్రోసెకన్లలోపే వోల్టేజీ సగానికి పడిపోవాలి.

పడలేదు. కరెంటు కోశాక కూడా ఎర్ర లైటు మసగ్గా వెలుగుతూనే ఉంది, చిప్పు నడుస్తూనే ఉంది. మాస్‌ఫెట్ పాడైందేమో అని మార్చా, అదే తీరు. సరఫరా వైరు చేత్తో పీకి పక్కన పడేశా, అయినా నడుస్తోంది! రాత్రి పదకొండింటికి అర్థమైంది, సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు 5 వోల్టుల మీద ఉంటుంది, ఆ 5 వోల్టులు చిప్పు కాలి దగ్గరుండే రక్షణ డయోడు గుండా లోపలికి దూరి మొత్తం చిప్పుని బతికిస్తున్నాయి. కొయ్యడానికి ముందు ఆ లైనుని కూడా సున్నాకి దించమని రాశా. అప్పుడు ఆగింది, లైటు టక్కున ఆరింది. ఎవరైనా ఇలాంటి పని చేస్తుంటే ముందు ఇది చూసుకోండి, సరఫరా ఒక్కటే సరఫరా కాదు.

జూన్ 18

తిప్పి రాసిన కోడు మీద నడిపా. 500 మిల్లీసెకన్ల ఆలస్యం తీసేసి, లెక్క ముందు రాయి, తర్వాత పోల్చు, వెంటనే ఫలితం చూపించు. కోత సున్నా నుంచి 5 మిల్లీసెకన్ల వరకు 100 మైక్రోసెకన్ల మెట్లలో, ఒక్కో మెట్టు దగ్గర పదిసార్లు. మొత్తం ఐదు వందలసార్లు, అది నడుస్తుంటే నేను అన్నం వండుకున్నా.

వచ్చి చూస్తే 3.4 మిల్లీసెకన్లు దాటాక కోసినవన్నీ సరిగ్గా తగ్గాయి. అంతకుముందు కోసినవే అసలు కథ. బాగా ముందు కోస్తే పాత విలువ అలాగే ఉంది. మధ్యలో కోస్తే ఎక్కువసార్లు ఎల్‌సీడీ మీద మిగిలిన ఛాన్సులు 255.

255 ఛాన్సులు!

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఈఈప్రామ్‌లో రాయమని చెప్పే ఫంక్షను రాత మొదలుపెట్టి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది, రాత పూర్తయ్యేదాకా ఆగదు. ఈ చిప్పులో చెరిపి రాయడానికి 3.4 మిల్లీసెకన్లు. నా పోలికేమో 50 మైక్రోసెకన్లలో ఫలితం చెప్పేస్తుంది. కాగితం మీద వరస సరిగ్గానే ఉంది, ముందు రాయి తర్వాత పోల్చు అని, కానీ సిరా ఆరకముందే జవాబు బయటపడుతోంది. 500 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే ఇది కనిపించేది కాదు, అందుకే తీసేసి చూశా, ఒక లోపం ఇంకో లోపం వెనక దాక్కోకూడదు.

రెండోది ఇంకా చెడ్డది. రాయడం అంటే ముందు చెరపడం, చెరిపిన బైటులో అన్ని బిట్లూ ఒకట్లే, అంటే 255. సరిగ్గా చెరిపి రాయకముందు కరెంటు పోతే మిగిలేది 255. నేను దాచింది మిగిలిన ఛాన్సులు కాబట్టి 255 ఛాన్సులు బహుమానం. అదే చేసిన తప్పులు దాచి ఉంటే 255 తప్పులని చూసి మూసుకుపోయేది. ఒకే లెక్క, కిందికి పెట్టామా పైకి పెట్టామా అన్నదాంట్లో తాళం ఉండటం, లేకపోవడం తేలిపోతోంది.

జూన్ 20

తప్పులు దాచే పద్ధతికి మార్చి, రాత పూర్తయ్యేదాకా ఆగి, రాసింది మళ్ళీ చదివి సరిచూసుకుని అప్పుడే పోల్చేట్టు పెట్టా. దొంగకి దారి మూసుకుపోయింది. కానీ ఇప్పుడు బాబాయ్‌కి కష్టం, ఆయన పిన్ను కొట్టే క్షణంలో నిజంగానే కరెంటు పోతే 255 వచ్చి బీరువా మూసుకుపోతుంది. తెనాల్లో వానాకాలం సాయంత్రాలు కరెంటు సంగతి తెలిసిందే.

దీని మీద రెండు రాత్రులు ఆలోచించా. చివరికి మా తాతయ్య ధాన్యం బస్తాలు లెక్కపెట్టే తీరు గుర్తొచ్చింది, బస్తా దిగినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఒక గీత, అంకె రాసి చెరిపి మళ్ళీ అంకె రాయడం ఉండదు. ఇదీ అంతే, ఈఈప్రామ్‌లో వరసగా 12 బైట్లు, అన్నీ చెరిపి 255గా ఉంటాయి. పిన్ను కొట్టినప్పుడల్లా తర్వాతి బైటుని సున్నా చేస్తా, చెరపడం లేకుండా రాయడం మాత్రమే, దానికి చిప్పులో వేరే మోడ్ ఉంది, 1.8 మిల్లీసెకన్లు. మధ్యలో కరెంటు పోతే ఆ బైటు సగం గీతగా ఉంటుంది, 255 కాని ఏదైనా గీతే అని లెక్క. పొరపాటున కరెంటు పోయినా పోయేది ఒక్క ఛాన్సు. సరైన పిన్ను పడితే గీతలన్నీ చెరుపుతా, ఆ చెరపడం మధ్యలో ఆగినా కొన్ని గీతలు మిగులుతాయి తప్ప ఛాన్సులు పెరగవు.

మొదటి ఐదు గీతలు వెంటనే వాడుకోవచ్చు, ఆ తర్వాత ఒక్కో గీతకి పది నిమిషాలు ఆగాలి, మధ్యలో కరెంటు తీస్తే పది నిమిషాలు మళ్ళీ మొదటినుంచి. 12 అయిపోతే పిన్ని దగ్గరున్న తాళంచెవే దిక్కు. మీటలు కనిపెట్టినా 720 వరసల్లో 12. ఈ ఈఈప్రామ్ బైటు లక్షసార్లు రాతకి తట్టుకుంటుందని డేటాషీటు మాట, బాబాయ్ రోజుకి ముప్పైసార్లు తీసినా తొమ్మిదేళ్ళు.

మళ్ళీ ఐదు వందల కోతలు. ఒక్కసారి కూడా ఛాన్సు పెరగలేదు, లెక్కలోకి రాకుండా జవాబు బయటపడలేదు. నిజం చెప్పాలంటే రెండోసారి కూడా నడిపి చూసుకున్నా.

జూన్ 27

స్నేహితుడు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చెబుతాడు, వాళ్ళ ల్యాబులో మంచి ఆసిలోస్కోపు (వోల్టేజీ మార్పుల్ని గీతగా చూపించే యంత్రం) ఉంది, శనివారం రమ్మన్నాడు. టైము సంగతి తేలింది, కరెంటు సంగతి చూడాలి. చిప్పు గ్రౌండు కాలికి 22 ఓముల రెసిస్టరు పెట్టి దాని మీద ప్రోబు. చిప్పు ప్రతి టిక్కుకీ ఎంత కరెంటు తాగుతుందో అది గీతగా కనిపిస్తుంది.

ఒక్క గీతలో ఏమీ తెలియలేదు, అంతా గరుగ్గా ఉంది. లెక్క ఆపేసి ఒకే పిన్ను 256సార్లు కొట్టించి సగటు తీస్తే గీత నున్నబడింది. అప్పుడు మొదటి అంకె 0 నుంచి 9 వరకు మార్చుకుంటూ పది సగటు గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టాం. ఎక్సార్ జరిగే చోట అవి విడిపోయాయి. నా కోడు ఆగదు, టైము మారదు, కానీ కొట్టిన అంకెకీ అసలు అంకెకీ ఎన్ని బిట్లు తేడా ఉంటే అంత ఎక్కువ కరెంటు. ఐదు అంకె గీత అన్నిటికన్నా కింద, విడిగా. మావాడు స్కోపు దగ్గరికి వంగి, "వీడు సగటు తీస్తే నోరు విప్పుతున్నాడురా" అన్నాడు.

పాల్ కోచర్, జాషువా జాఫే, బెంజమిన్ జున్ 1999లో చెప్పింది ఇదే, కరెంటు గీతలు బోలెడు పోగేసి గణాంకాలతో తాళంచెవి తియ్యొచ్చని. ఇంకా వెనక్కెళ్తే 1943లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఒక సంకేతలిపి యంత్రం నడుస్తుంటే గదిలో దూరంగా ఉన్న ఆసిలోస్కోపు మీద ముళ్ళు కనపడ్డాయి, చూస్తే ఆ ముళ్ళలోంచి అసలు సందేశమే చదవొచ్చని తేలింది. ఎవరూ దాని మీద దాడి చెయ్యలేదు, వేరే పనికి పెట్టుకున్న స్కోపు అది. మొన్న 2024లో కూడా ఇన్ఫినియన్ కంపెనీ సెక్యూరిటీ చిప్పుల్లో ఒక లెక్క టైము రహస్యాన్ని బట్టి మారుతుందని నింజాల్యాబ్ అనే భద్రతా పరిశోధన సంస్థ బయటపెట్టింది, యూబీకీ 5 అనే లాగిన్ భద్రతా పరికరంలో వాడింది ఆ చిప్పే, పద్నాలుగేళ్ళు ఎవరి కంటా పడలేదు, దాదాపు 80 సర్టిఫికేషన్ పరీక్షలు దాటుకుని వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో లెక్కేసుకున్నా. ఒక అంకెకి మేం వాడినవి పది రకాలు, ఒక్కోటి 256సార్లు, 2560 కొట్టుళ్ళు. తాళం ఇచ్చేవి 12. ఈ చౌక చిప్పు కరెంటులో మాట్లాడకుండా నేను ఆపలేను, కానీ ఎన్ని మాటలు వినొచ్చో ఆ 12 గీతలే నిర్ణయిస్తున్నాయి. అందుకే నా దృష్టిలో ఈ తాళంలో అన్నిటికన్నా ముఖ్యమైనది పోలిక కూడా కాదు, ఆ గీతలు. అవి ఒక్కసారి అబద్ధం చెప్పినా 41.9 మైక్రోసెకన్లూ, 22 ఓముల గీతలూ అన్నీ దొంగ చేతికి వస్తాయి. అలాంటి చిప్పే ముందుగా తెచ్చుకుని దాని తీరంతా నేర్చుకుని, ఆ తర్వాత కొద్ది కరెంటు గీతలతోనే లాగే పద్ధతులు కూడా ఉన్నాయి, వాటికి నా దగ్గరున్న జవాబు ఇనప తలుపే, చిప్పు కాళ్ళు దానికి లోపల ఉంటాయి.

జూలై 5, తెనాలి

బిగించేశా. బోర్డు లోపల, అడాప్టరు వైరు కూడా వెనక గోడవైపు నుంచి లోపలికి. కీప్యాడ్ కొత్తది. ఆరంకెల పిన్ను బాబాయ్ ఒక్కడే పెట్టుకున్నాడు, నేను వీధిలోకి వెళ్ళి నిలబడ్డా.

లోపలికి వచ్చేసరికి ఆయన మెయిన్ స్విచ్చి దగ్గర నిలబడి ఉన్నాడు, కొట్లో పనిచేసే కుర్రాడు కీప్యాడ్ దగ్గర. "నేను చెప్పగానే తప్పుది కొట్టరా" అన్నాడు వాడితో. వాడు కొట్టాడు, చివరి మీట నొక్కగానే బాబాయ్ స్విచ్చి దించాడు. మళ్ళీ వేశాడు. ఎల్‌సీడీ మీద 11. ఇంకోసారి చేశారు, ఈసారి స్విచ్చి ఇంకా తొందరగా దించాడు, 10. మూడోసారి చీకట్లో, షట్టరు సగం దించి, వాడు మీట నొక్కకముందే దించేశాడు, 10 దగ్గరే ఉంది. అది ఎందుకు తగ్గలేదని అడిగాడు. పోల్చనే లేదు కదా బాబాయ్, ఏమీ చెప్పలేదు కాబట్టి ఛాన్సు తీసుకోలేదు అన్నా. కాసేపు ఆలోచించి తలూపాడు, పిన్ను కొట్టి బీరువా తీశాడు, నెంబరు మళ్ళీ 12కి వచ్చింది.

తడిగుడ్డ కోసం పిన్ని కీప్యాడ్ పక్కనే ఒక మేకు కొట్టించింది.